జోరీ: చెవి పెట్టిన పేరు

జోరీ అనగానే తెలుగు చెవికి జోరీగ గుర్తొస్తుంది. చెవి పక్కన జోరుమని తిరిగే ఈగ కాబట్టి అది జోరీగ. అమెరికా దక్షిణాది పల్లెల్లో ఒక పిట్టను జోరీ అంటారు. ఈ రెండు మాటలకూ ఏ చుట్టరికమూ లేదు, పుట్టిన దారి మాత్రం ఒకటే. రెండు చోట్లా ఆ ప్రాణి కంటికి కనబడకముందే చెవికి దొరికింది. జార్జియా, కరొలైనాలు, వాటి చుట్టుపక్కల పల్లెల్లో పెద్దవాళ్ల నోట మిగిలిన ఈ జోరీ అనే మాట ఇప్పుడు అరుదైపోయింది. ఇలాంటి మాటలను "ముచ్చటైన పాత పేర్లు" అంటూ అద్దాల బీరువాలో పెట్టేయడం తప్పని నా వాదన. అవి సాక్ష్యాలు. సాక్ష్యాన్ని రాసుకునే పద్ధతిలోనే వాటినీ రాసుకోవాలి.

ముందు పిట్ట సంగతి. పుస్తకాల్లో దాని పేరు ఈస్టర్న్ టౌహీ. సుమారుగా మన పికిలిపిట్టంత ఉంటుంది, 17 నుంచి 21 సెంటీమీటర్ల పొడవు, 32 నుంచి 52 గ్రాముల బరువు. మగదానికి తల, రొమ్ము, వీపు నల్లగా, పక్కలు ఇటుకరంగులో, పొట్ట తెల్లగా ఉంటాయి. ఎగిరేటప్పుడు తోక విప్పితే చివర్లలో తెల్ల మచ్చలు మెరుస్తాయి. మగదానికి నలుపున్న చోటల్లా ఆడదానికి చాక్లెట్ గోధుమరంగు. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ పేర్లు సేకరించేవాళ్లను బాగా తప్పుదారి పట్టిస్తుంది, ఆ సంగతి ముందు ముందు చెప్తాను.

ఈ పిట్ట ఉండేది అడవి అంచుల్లో, పొదల అడుగున, రాలిన ఆకుల మీద. దాని మేత పద్ధతే వేరు. కోడి ఒక్కో కాలితో నేలను గీరుతుంది. టౌహీ రెండు కాళ్లతో ఒకేసారి వెనక్కి గెంతుతూ ఆకులను చిమ్ముతుంది. మళ్లీ ముందుకు గెంతి కింద కనబడిన పురుగునో గింజనో అందుకుంటుంది. ఎండుటాకుల్లో ఈ గెంతుల చప్పుడు వింటే లోపల ఏదో పెద్ద జంతువే ఉందనిపిస్తుంది. పొద కదులుతుంది, ఆకులు ఎగురుతాయి, పిట్ట మాత్రం కనపడదు. అంతలో లోపలినుంచి పిలుపు వస్తుంది. అది రెండు ముక్కల పిలుపు. మొదటి ముక్క కిందిస్వరంలో కాస్త గరగరగా ఉంటుంది, రెండోది సాగుతూ పైకి లేస్తుంది. మొత్తం అర సెకను కూడా ఉండదు. ఆ పిలుపే ఒకరికి టౌ-హీ, ఒకరికి చ్యు-వింక్, ఒకరికి జో-రీ.

పిలుపు వేరు, పాట వేరు. మగ పిట్ట వసంతంలో ఏదో ఒక కొమ్మ చివరకెక్కి పాడే పాటలో ఒకటో రెండో పొట్టి స్వరాలు, వాటి వెనక ఒక వణుకుడు ఉంటాయి. దాన్ని అమెరికావాళ్లు "డ్రింక్ యువర్ టీ" అని గుర్తుపెట్టుకుంటారు. పాట ఏడాదిలో కొన్ని నెలలే, పిలుపు ఏడాది పొడుగునా. పేరు పిలుపు మీద నిలబడింది, పాట మీద కాదు. రోజూ పొలానికి, కట్టెలకు వెళ్లేవాళ్ల చెవిన ఏడాదంతా పడింది పిలుపే కదా.

అచ్చులో ఈ పిట్ట చరిత్ర మార్క్ కేట్స్‌బీతో మొదలవుతుంది. 1720లలో కరొలైనా ప్రాంతం తిరిగిన ఈ ఇంగ్లీషు ప్రకృతి శాస్త్రవేత్త 1731లో తన గ్రంథం మొదటి సంపుటంలో దీని బొమ్మ వేసి "టౌహీ బర్డ్" అని రాశాడు. స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ 1758లో దీనికి శాస్త్రీయ నామం పెట్టడానికి ఆధారం ఆ బొమ్మే. ఇప్పుడున్న శాస్త్రీయ నామం పిపిలో ఎరిత్రోఫ్తాల్మస్. రెండో మాటకు గ్రీకులో ఎర్రకన్నుది అని అర్థం. మొదటి మాట లాటిన్‌లో కిచకిచలాడటానికి వాడే క్రియ నుంచి వచ్చింది. ఒకే పేరులో ముందు చెవి, వెనక కన్ను. ఈ రెండింటిలో ఏది నమ్మదగిందో తర్వాతి చరిత్ర తేల్చింది.

ఫ్లోరిడాలో ఉండే టౌహీలకు కన్ను ఎర్రగా ఉండదు, తెల్లగా ఉంటుంది. దక్షిణ జార్జియా తీరప్రాంతాల్లో రెండింటికీ మధ్య రంగులవి కనిపిస్తాయి. అంటే ఎర్రకన్ను అనే పేరు సగం దూరం వెళ్లేసరికే తప్పిపోయింది. ఇంగ్లీషు పుస్తకాలు దీన్ని ఒకప్పుడు రెడ్-ఐడ్ టౌహీ అన్నాయి. పడమటి టౌహీని కూడా ఇందులో కలిపేశాక పక్కల ఇటుకరంగును బట్టి రూఫస్-సైడెడ్ టౌహీ అన్నాయి. 1995లో అమెరికన్ పక్షిశాస్త్రజ్ఞుల సంఘం రెండింటినీ మళ్లీ విడదీసి తూర్పుదానికి ఈస్టర్న్ టౌహీ, పడమటిదానికి స్పాటెడ్ టౌహీ అని పేర్లు ఖాయం చేసింది. విశేషణం రెండుసార్లు మారింది. కంటి రంగు పోయింది, పక్కల రంగు పోయింది, చివరికి దిక్కు మిగిలింది. టౌహీ అనే శబ్దం మాత్రం 1731 నుంచి నేటిదాకా కదల్లేదు. బొమ్మలోనో చేతిలోనో పిట్ట రంగు చూసి పెట్టిన మాటలు రాలిపోయాయి, పొద పక్కన నిలబడి విన్న మాట నిలిచింది. చెవిని తక్కువచేసి మాట్లాడేవాళ్లకు నేను ముందు చూపించేది ఈ ఉదాహరణే.

అయితే టౌహీ గెలిచింది కదా, జోరీ ఎందుకు అనొచ్చు. టౌహీ గెలవడానికి కారణం అది అచ్చులోకి ముందు ఎక్కడమే. గెలిచాక దానికి ఒక నష్టం జరిగింది. పుస్తకం దాన్ని పట్టుకుని అది పుట్టిన చోటు నుంచి దూరంగా లాక్కుపోయింది. పడమటి రాష్ట్రాల స్పాటెడ్ టౌహీ టౌ-హీ అనదు. పిల్లి గుర్రుమన్నట్టు ఒక సాగుడు గొంతుతో పిలుస్తుంది. కాలిఫోర్నియా టౌహీ టింగుమని లోహం తట్టినట్టు ఒక్క ముక్క అంటుంది. ఆ పిట్టలు తమ పేరు తాము ఎప్పుడూ పలకవు. టౌహీ అనేది ఇప్పుడు ఒక కుటుంబానికి ఇంటిపేరు మాత్రమే, వింటే గుర్తుపట్టే పేరు కాదు. జోరీ అలా సాగలేదు. ఎక్కడ పిట్ట జోరీ అంటుందో అక్కడి మనుషులే జోరీ అన్నారు. మాట అరుదుగా, ఇరుకుగా ఉండిపోవడం వల్లే దానిలోని సమాచారం చెడకుండా ఉంది. ప్రాంతీయ పదం విలువంతా ఆ ఇరుకులోనే ఉంది.

19వ శతాబ్దం మొదట్లో పక్షిశాస్త్రజ్ఞుడు అలెగ్జాండర్ విల్సన్ ఈ పిట్టకు ప్రాంతాన్ని బట్టి ఉన్న పేర్లను రాసిపెట్టాడు. వర్జీనియాలో బుల్‌ఫించ్, పెన్సిల్వేనియాలో చ్యువింక్, మరికొందరికి స్వాంప్ రాబిన్. ఇవి కాక నేలమీద తిరుగుతుంది కాబట్టి గ్రౌండ్ రాబిన్ అనే పేరూ ఉంది. ఈ పేర్లను రెండు కుప్పలుగా వేసి చూడండి. బుల్‌ఫించ్, రాబిన్ ఇంగ్లాండ్ నుంచి మూటగట్టుకుని తెచ్చుకున్న మాటలు. సొంత ఊరి పిట్టను తలచుకుని కొత్త పిట్టకు ఆ పేరే తగిలించారు. చ్యువింక్, టౌహీ, జోరీ ఇంకో రకం. ఇవి వలస వచ్చినవాళ్లు కొత్త నేలను నిజంగా వినడం మొదలుపెట్టాక పుట్టినవి. ఒక ప్రాంతపు మాటల్లో మొదటి కుప్ప తగ్గి రెండో కుప్ప పెరగడమంటే మనుషులు ఆ చోటికి అలవాటు పడ్డారని అర్థం. భాషా చరిత్ర రాసేవాళ్లకు ఇంతకన్నా మంచి కొలబద్ద అరుదుగా దొరుకుతుంది.

దీనికి ఎదురు వాదన ఉంది, బలమైనదే. పక్షులను లెక్కపెట్టాలంటే అందరికీ ఒకే పేరు ఉండాలి. ఉత్తర అమెరికాలో 1966లో మొదలైన బ్రీడింగ్ బర్డ్ సర్వేలో ఒక్కో దారి 24.5 మైళ్లు ఉంటుంది. అర మైలుకొకటి చొప్పున 50 మజిలీలు, ఒక్కో చోట సరిగ్గా 3 నిమిషాలు విని, చూసి రాస్తారు. సూర్యోదయానికి అరగంట ముందు మొదలుపెట్టాలి. ఆ కాగితం మీద ఒకరు జోరీ అని, ఒకరు చ్యువింక్ అని, ఒకరు స్వాంప్ రాబిన్ అని రాస్తే లెక్క బూడిదలో పోసినట్టే. స్వాంప్ రాబిన్ మరీ ప్రమాదం, ఎందుకంటే ఆ పేరు కొన్నిచోట్ల హెర్మిట్ థ్రష్ అనే వేరే పిట్టకూ ఉంది. ప్రామాణిక నామం అవసరాన్ని నేను కాదనను. కానీ ప్రామాణిక నామం ఉందని స్థానిక నామాన్ని కొట్టేయడం ఆధార్ నంబరు ఉందని ఇంట్లో పిలిచే పేరు మానేయమన్నట్టుంటుంది. రెండూ వేరు పనులు చేస్తాయి. ఒకటి ఏ పిట్టో చెప్తుంది. రెండోది ఆ చోట ఆ పిట్టను మనుషులు ఎలా తెలుసుకున్నారో చెప్తుంది.

2023 నవంబరులో అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ మనుషుల పేర్లు పెట్టిన పక్షులకు ఇంగ్లీషు పేర్లు మార్చాలని నిర్ణయించింది. ముందుగా 70–80 జాతులన్నారు. కొత్త పేర్ల కోసం కమిటీలు మళ్లీ ముక్కు సైజు, రెక్క రంగు దగ్గరికే వెళ్తాయేమోనని నా భయం. 2020లో మెక్‌కౌన్స్ లాంగ్‌స్పర్ అనే పిట్ట పేరును థిక్-బిల్డ్ లాంగ్‌స్పర్‌గా మార్చినప్పుడు అదే జరిగింది. మందపాటి ముక్కు. తప్పేమీ లేదు, కానీ అది చేతిలో పిట్టను పట్టుకున్నవాడి పేరు. కమిటీ బల్ల మీదికి ప్రతి జాతికీ ప్రాంతీయ పేర్ల జాబితా ముందుగా రావాలి, ఆ తర్వాతే కొత్త పేరు ఆలోచించాలి. ఆ జాబితాలకు పునాది ఉంది. అమెరికా ప్రభుత్వ బయలాజికల్ సర్వేలో పనిచేసిన డబ్ల్యూ. ఎల్. మెకాటీ పక్షుల జానపద నామాల సేకరణకు ఏళ్ల తరబడి శ్రమపడ్డాడు. కెనడా పక్షుల జానపద నామాల మీద ఆయన పుస్తకం 1957లో వచ్చింది.

ఇలాంటి మాటను ఎలా పట్టుకోవాలో అమెరికా ప్రాంతీయ ఇంగ్లీషు నిఘంటువు, అంటే డిక్షనరీ ఆఫ్ అమెరికన్ రీజినల్ ఇంగ్లీష్, చేసి చూపించింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో ఫ్రెడరిక్ క్యాసిడీ నడిపించిన పని అది. 1965 నుంచి 1970 దాకా కార్యకర్తలు వ్యాన్లలో తిరిగి 1,002 ఊళ్లలో 2,777 మందిని అడిగారు. ప్రశ్నావళిలో 1,600కు పైగా ప్రశ్నలు. అడిగినవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు 60 దాటినవాళ్లు. ఇది కావాలనే చేసిన ఎంపిక, మాట ముందు పోయేది వాళ్లతోనే కాబట్టి. చాలామంది గొంతులు టేపు మీద నిలిచాయి. ఉచ్చారణ పోల్చడానికి చాలామందిచేత ఒకే చిన్న కథ, ఆర్థర్ అనే ఎలుక కథ, చదివించారు. మొదటి సంపుటం 1985లో, అక్షరక్రమంలో చివరిది 2012లో వచ్చాయి. ఆ నిఘంటువు పటంలో రాష్ట్రాల సైజు నేలను బట్టి ఉండదు, జనాభాను బట్టి ఉంటుంది. ఒక మాట చెప్పినవాళ్ల చుక్కలు ఎక్కడ గుమిగూడాయో చూడగానే తెలుస్తుంది. మాట పక్కన ఊరు, చెప్పినవాళ్ల వయసు, చదువు, జాతి అన్నీ ఉంటాయి. సాక్ష్యంలా రాయడమని నేనంటున్నది ఇదే.

మనవైపు చూద్దాం. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డన్ 1862–64లో అచ్చయిన తన భారతీయ పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లు చాలానే రాశాడు. పికిలిపిట్ట, నలంచి, పెద్ద నలంచి, వంగపండు. ఆయన రాయకపోతే వీటిలో కొన్ని మనకు దక్కేవి కావు, ఆ రుణం పెద్దది. కానీ చాలాచోట్ల పేరు పక్కన అది తెలుగు అని చెప్పే పొట్టి గుర్తు తప్ప ఇంకేమీ లేదు. ఏ ఊరు? చెప్పింది ఎవరు, పక్షులు పట్టేవాళ్లా, రైతులా? పెద్ద నలంచి అన్నది మగదాన్నా, ఆడమగ రెండింటినీనా? ఇప్పుడు ఎవరినీ అడగలేం. నెల్లూరు తీరంలో చెప్పిన మాటా, కడప కొండల్లో చెప్పిన మాటా ఒకే గంపలో పడ్డాయి.

మాట సరైన చోట దొరికితే ఎంత పని చేస్తుందో కలివికోడి చెప్తుంది. అది పాడే పిట్ట కాదు, దట్టమైన అడవి పిట్ట కూడా కాదు, కలివి పొదల మధ్య రాత్రిపూట తిరిగేది. 1900 తర్వాత శాస్త్రజ్ఞులెవరూ దాన్ని చూడలేదు. 1986 జనవరిలో కడప జిల్లాలో మళ్లీ దొరికింది, స్థానికుల జ్ఞానం, పక్షులు పట్టే ఒక మనిషి నైపుణ్యం తోడై. శాస్త్రం అంతరించిందేమో అనుకున్న పిట్టకు ఊళ్లో పేరు బతికే ఉంది. ఆ పేరులోనే అది ఉండే పొద కూడా ఉంది. జెముడుకాకి కూడా అలాంటి పేరే, ఎక్కడ వెతకాలో పేరే చెప్తుంది. తీతువు ఇంకో దారిది. మన చెవికి తీతువు అని వినబడిన అదే అరుపు ఈ దేశంలో ఉన్న ఇంగ్లీషువాళ్లకు "డిడ్ హీ డూ ఇట్" అని వినబడింది. టౌహీ, జోరీ మధ్య ఉన్న దూరమే ఇక్కడా ఉంది.

ఇక పని దగ్గరికి వద్దాం. జార్జియాలో జోరీ కోసం అడిగినా, శ్రీకాకుళం కొండల్లో పిట్ట పేర్ల కోసం అడిగినా పద్ధతి ఒకటే.

మొదట పేరు మీ నోటి నుంచి రాకూడదు. "దీన్ని జోరీ అంటారా?" అని అడిగితే పది మందిలో ఎనిమిది మంది మర్యాద కొద్దీ అవునంటారు. బొమ్మ కూడా ముందు చూపించొద్దు. బొమ్మ చూడగానే చదువుకున్నవాళ్లకు పుస్తకం పేరు గుర్తొస్తుంది, చదువుకోనివాళ్లు ఏదో ఒకటి చెప్పాలన్న మొహమాటంలో పడతారు. పిట్ట చేసే పని చెప్పి అడగాలి. పొద కింద ఆకులు చిమ్ముతూ రెండు ముక్కలుగా పిలిచే పిట్ట మీ దగ్గర ఉందా, దాన్నేమంటారు, అని. పేరు చెప్పాక వెంటనే ఇంకో ప్రశ్న అడగండి: అది ఎలా అరుస్తుందో ఒకసారి అనండి. పేరుకు, వాళ్లు చేసి చూపిన అరుపుకు పోలిక ఉందా లేదా అన్నదే అసలు పరీక్ష. జోరీ అని చెప్పి "డ్రింక్ యువర్ టీ" పాట అనుకరించారంటే మాట వాళ్లకు ఇతరుల నోటినుంచి వచ్చింది, పిట్ట నుంచి కాదు. దాన్ని కొట్టేయొద్దు, అలాగే రాసుకోండి.

ఆ తర్వాత రికార్డులు వినిపించాలి, కనీసం మూడు. ఒకటి సరైనది, రెండు కావాలని తప్పువి. ఇక్కడ జార్జియాలో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. మాకింగ్‌బర్డ్ అన్ని పిట్టల్నీ అనుకరిస్తుంది, అందులో టౌహీ పిలుపూ ఉంటుంది. వైట్-ఐడ్ వీరియో అనే చిన్న పిట్ట కూడా తన పాటలో టౌహీ పిలుపు ముక్క కలుపుతుంది. కాబట్టి "మా ఇంటి తీగ మీద కూర్చుని జోరీ అంటుంది" అని ఎవరైనా చెప్తే కాస్త ఆగాలి. టౌహీ పిలుపు ఎక్కువగా నేలకు దగ్గరగా, పొదలోంచి వస్తుంది. తీగ మీదినుంచి పిలుపు వెంట పిలుపు మారుతూ వస్తే అది మాకింగ్‌బర్డ్ అయ్యే అవకాశమే ఎక్కువ.

బొమ్మలు చివర్న. ఆరు పెట్టండి, వాటిలో ఆడ టౌహీ ఒకటి, చారలుండే పిల్ల టౌహీ ఒకటి ఉండాలి. మగదాన్ని మాత్రమే చూపిస్తే జరిగే నష్టం ఇదీ: గోధుమరంగు ఆడదానికి ఆ ఊళ్లో వేరే పేరుందేమో, లేక అసలు పేరే లేదేమో, ఆ సంగతి మనకు ఎప్పటికీ తెలియదు. రంగును బట్టి పెట్టిన పేరైతే ఆడమగలకు విడిపోతుంది. శబ్దాన్ని బట్టి పెట్టిన పేరు విడిపోదు, ఎందుకంటే ఆ పిలుపు రెండూ పిలుస్తాయి.

వ్యక్తి గురించి రాసుకోవాల్సింది పేరు కాదు. పుట్టిన సంవత్సరం, పదిహేనేళ్లు వచ్చేదాకా పెరిగిన ఊరు, మాట ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఇవి కావాలి. ఇప్పుడుంటున్న ఊరు రాస్తే పటం అబద్ధం చెప్తుంది. అట్లాంటాలో ఉన్న పెద్దాయన మాట అట్లాంటాది కాకపోవచ్చు, ఆయన అలబామాలో పెరిగుండొచ్చు. భార్యాభర్తలు, అన్నదమ్ములు చెప్పిన మాటను ఒక్క సాక్ష్యంగానే లెక్కించాలి. ఒకే ఊళ్లో సంబంధం లేని ముగ్గురు చెప్తే అప్పుడు అది ఆ ఊరి మాట.

మాటను ఎలా రాయాలన్నది ఇంకో చిక్కు. ఇంగ్లీషు అక్షరాల్లో జోరీ స్పెల్లింగు చూస్తే మొదటి అచ్చు పొట్టిదో పొడుగుదో తెలియదు. తెలుగు లిపి ఇక్కడ నిజంగా మేలు చేస్తుంది. జొరీ, జోరీ, జారీ అన్న తేడా ఒక్క గుణింతంతో తేలిపోతుంది. మన లిపి చూపలేనిది ఊనిక. ఏ ముక్క మీద ఒత్తి పలికారో దాని కింద గీత గీయండి. పలికినదాన్ని రికార్డు చేసి పెట్టడం ఇంతకన్నా ముఖ్యం.

రికార్డింగు దగ్గర చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఫోన్లో మామూలు వాయిస్ రికార్డర్ వాడతారు. అవి మనిషి గొంతు కోసం తయారైనవి కాబట్టి దూరపు పిట్ట పిలుపును రొద అనుకుని అణిచేస్తాయి, మిగిలినదాన్ని కుదించి దాస్తాయి. శబ్దాన్ని కుదించని వేవ్ (WAV) ఫార్మాట్‌లో దాచే యాప్ వాడి, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ పెట్టుకుని, రొద తగ్గించే అమరిక ఆపేయండి. పిట్ట పిలుపు అయ్యాక కనీసం మూడు సెకన్లు ఊరుకుని, ఆ తర్వాత మీ గొంతుతో తేదీ, సమయం, చోటు, పిట్ట ఏం చేస్తోందో చెప్పండి. ఆ మూడు సెకన్లు వదలకపోతే మీ గొంతు పిలుపు చివర మీద పడుతుంది. జోరీలో మనకు కావాల్సింది ఆ చివర పైకి లేచే "రీ"నే. తర్వాత కంప్యూటర్లో శబ్దం పెంచుకోవాలంటే అన్నిటికన్నా గట్టిగా ఉన్న చోటు, అంటే శిఖరం, మైనస్ 3 డెసిబెల్ దాటకుండా ఆపండి. శుభ్రం చేస్తున్నామనుకుని వెనక శబ్దాలు తీసేయొద్దు.

పేరు చెప్పిన చోటా, పిట్ట పిలుపు రికార్డు చేసిన చోటా ఒకటే అయితే ఆ నమోదు విలువ ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఫ్లోరిడా వైపు తెల్లకన్ను టౌహీల పిలుపు ఉత్తరాది వాటి పిలుపుకన్నా నున్నగా, ఒకే సాగుడుగా ఉంటుంది. జోరీ అనే మాట వాడే ఊళ్ల పిట్టలు ఎలా పిలుస్తున్నాయో, చ్యువింక్ అనే ఊళ్ల పిట్టలు ఎలా పిలుస్తున్నాయో పక్కపక్కన పెట్టి వింటే, తేడా మనుషుల చెవిలో ఉందా, పిట్ట గొంతులోనే ఉందా అన్నది అడగొచ్చు. ఇది పిట్టలవాళ్లు ఒక్కరే తేల్చలేరు, భాషవాళ్లు ఒక్కరే తేల్చలేరు. మాటను అలంకారంగా చూసినంతకాలం ఈ ప్రశ్న ఎవరికీ తట్టదు కూడా.

మాట ఎందుకు పోతోందన్నదానికి టీవీ, బడి, నగరాలకు వలస అని అందరూ చెప్పే కారణాలు నిజమే. వాటికి ముందు ఇంకోటి ఉంది, వినడానికి పిట్ట ఉండాలి. ఈశాన్య రాష్ట్రాల్లో టౌహీలు బాగా తగ్గిపోయాయి. వదిలేసిన పొలాల్లో మొదట పొదలు లేచాయి, అవి టౌహీలకు స్వర్గం. దశాబ్దాలు గడిచాక ఆ పొదలు ముదిరి పెద్ద చెట్ల అడవయ్యాయి. నేలకు ఎండ తగలక అడుగు పొద చచ్చిపోయింది. దక్షిణాదిలో పిట్ట ఇంకా ఉంది, పొదే పెరట్లోంచి పోతోంది. ఇంటి చుట్టూ గడ్డి, గడ్డి అంచున చెక్కపొట్టు, ఆకు పడితే చాలు బ్లోయరుతో ఊడ్చేయడం. టౌహీ గూడు చాలాసార్లు నేలమీదే, రాలిన ఆకుల్లోకి అంచుదాకా దిగి ఉంటుంది. గుడ్లు పొదగడానికి 12–13 రోజులు, పిల్లలు గూడు వదలడానికి మరో 10–12 రోజులు. ఆ మూడున్నర వారాల్లో ఒక్కసారి ఊడిస్తే అంతే.

అట్లాంటా, షార్లెట్ చుట్టుపక్కల వేల తెలుగు ఇళ్లున్నాయి, వాటిలో చాలావాటికి వెనక చెట్లున్నాయి. అక్కడివాళ్లకు నేను చెప్పేది ఇది. కంచె వెంట రెండు మీటర్ల వెడల్పున ఆకులు ఊడ్చకుండా వదిలేయండి, నాలుగు వేళ్ల మందాన ఉంటే చాలు. మార్చి నుంచి ఆగస్టు దాకా అటు బ్లోయరు తీసుకెళ్లొద్దు. పిల్లిని అటు వదలొద్దు. మేత వేయాలనుకుంటే వేలాడే డబ్బాలో కాదు, నేలమీద, పొదకు ఒక గజం లోపల, గుప్పెడు వరిగలు వేయండి. అక్కడి దుకాణాల్లో తెల్ల ప్రోసో మిల్లెట్ అని దొరికేవి మన వరిగలే. గుప్పెడుకు మించి వేస్తే రాత్రికి మిగిలిపోయి ఎలుకలొస్తాయి. తడిస్తే బూజు పడుతుంది, కాబట్టి వాన రోజుల్లో వేయొద్దు.

పిట్ట వచ్చాక ఇంట్లో పిల్లలు దానికి ఏదో ఒక పేరు పెడతారు. ఇంగ్లీషు పుస్తకం చూసి దిద్దేయకండి. ఆకుల్లో గెంతుతుంది కాబట్టి తెలుగులో ఏదో అంటారు, లేదా దాని పిలుపును తెలుగు చెవితో విని ఇంకేదో అంటారు. అది కూడా ఒక ప్రాంతపు మాటే, జార్జియాలో పుట్టిన తెలుగు మాట. నోటుపుస్తకంలో ఒక పేజీకి నాలుగు గళ్లు గీయండి: విన్న మాట, చెప్పినవారి వయసు, పెరిగిన ఊరు, తేదీ. మొదటి వరుసలో పక్కింటి పెద్దావిడ చెప్పిన జోరీ, రెండో వరుసలో మీ పిల్ల చెప్పిన పేరు రాయండి. మూడో వరుస ఖాళీగా ఉంచండి.